వరదలును పెంపుడు జంతువులును

వరద వచ్చినప్పుడు లెక్కలు వ్రాయువారు పలువురు కలరు. మునిగిన యిండ్లెన్ని, పాడైన పైరెన్ని యెకరములు, తెగిన కట్టలెన్ని, చనిపోయిన మనుష్యులెందఱు, పశువులెన్ని యని పట్టికలు ప్రకటింపబడును. పాడియావునకును, దుక్కిటెద్దునకును, మేకకును వెల యున్నది గనుక వానికి ఆ పట్టికలలో ఒక గడియైనను దొరకును. ఇంటి గడపయొద్ద పండుకొను కుక్కకును, పొయ్యిప్రక్కను ముడుచుకొని పడుకొను పిల్లికిని ఏ గడియు లేదు. అయినను మనుష్యుడు పడవ యెక్కునా, యెక్కకుండునా యను ప్రశ్న పలుమారు ఆ లెక్కకు రాని ప్రాణిమీదనే ఆధారపడియుండును. ఈ సంగతి 2024వ సంవత్సరము సెప్టెంబరులో విజయవాడ మునిగినప్పుడు మేము స్వయముగా చూచితిమి. “బడిలో సైకిళ్ల పాకనిండ కుక్కలను కట్టితిరట, నిజమేనా?” యని మన పూర్వ విద్యార్థులు నేటికిని అడుగుచునే యున్నారు. నిజమే. సంపాదకులు కోరినందున ఆ వృత్తాంతమును, దానితో సంబంధించిన మఱికొన్ని సంగతులను ఇచ్చట వ్రాయుచున్నాము.

బుడమేరు సంగతి ఈ ప్రాంతపు పిల్లలకు చెప్పనక్కఱలేదు. దూరపు చదువరులకొఱకు రెండు మాటలు. అది పట్టణమునకు వాయవ్యమున నున్న కొండప్రాంతమునుండి వచ్చి, విజయవాడ ప్రక్కగా పాఱి, కొల్లేటిలో కలియు నేఱు. వెలగలేరు వద్ద దానికి రెగ్యులేటరు కట్టి, వరదనీరు ఒక మళ్లింపు కాలువగుండ ప్రకాశం బ్యారేజికి ఎగువను కృష్ణలో పడునట్లు ఏర్పాటు చేసిరి. కృష్ణ తగ్గియున్న దినములలో ఈ యేర్పాటు చక్కగా సాగును. 2024 ఆగస్టు 31న కురిసిన కుంభవృష్టికి బుడమేరు పొంగిన వేళనే కృష్ణయు పొంగి, బ్యారేజి వద్ద 11.43 లక్షల క్యూసెక్కులకు చేరెను. బ్యారేజి కట్టిన తరువాత అంతకుముందెన్నడును అంత ప్రవాహము నమోదు కాలేదు. పెద్దనది నిండియుండగా కాలువనీరు అందులో పడుటెట్లు? కట్ట తెగి మూడు గండ్లు పడెను. సెప్టెంబరు 1వ తేది ఆదివారమునాడు సింగ్ నగర్ మొదలగు పేటలలోనికి నీరు చొచ్చెను. సైనికదళపు ఇంజనీర్లును చేయి కలుపగా, వరద వచ్చిన వారము దినములకు గాని ఆ గండ్లు పూడలేదు. అంతవఱకు డాబాలమీదను, మేడగదులలోను చిక్కుకొన్న జనమునకు పడవలమీదను డ్రోనులమీదను ఆహారము పంపవలసి వచ్చెను.

మన పాఠశాల కొంచెము మెఱకమీద నుండుటచే నీరు మొదటి మెట్టువఱకే వచ్చి ఆగెను. సోమవారము మధ్యాహ్నమునకు ఆఱు తరగతిగదులు నిండినవి. బల్లలను ఒకదానిపై నొకటి పేర్చి, నేలమీద టార్పాలిను పఱచి, ఒక్కొక్క గదిలో ఎనిమిదేసి కుటుంబములను ఉంచితిమి. ఇట్టి శిబిరములను మేము తుపానులలో ఇంతకుమునుపును నడిపినవారమే. ఈసారి మాత్రము గేటువద్ద ఒక క్రొత్త చిక్కు వచ్చెను. తడిసి ముద్దయైన ఒక పెద్దమనిషి కుడిచేత ఇనుప పెట్టెతోను, చొక్కాలోపల దాచిన పందెపుకోడితోను వచ్చి నిలిచెను. వాని వెనుక మేకలతో ఇద్దఱు స్త్రీలు, వారి వెనుక గొలుసుపట్టిన కుక్కతో ఒక కళాశాల విద్యార్థి, అందఱి వెనుకను పంజరముతో ఒక కుట్టుపనివాడు. శిబిరములలో మనుష్యులకే చోటనియు, జంతువులకు లేదనియు ఆ ఉదయమే ఎవరో పై అధికారి నోటిమాటగా చెప్పి వెళ్లియుండిరి. లోనికి రమ్మన్నచో ఆజ్ఞ మీఱినట్లగును. పొమ్మన్నచో వారు మరల నీటిలోనికే పోవుదురు. మన ప్రధానోపాధ్యాయులు కొంతసేపు గడ్డము నిమురుకొని, “ఆజ్ఞలో శిబిరమంటే గదులే గదా. సైకిళ్ల పాక గది కాదు,” అనిరి. వ్యాకరణము బోధించువారికి ఇట్టి అర్థవివరణములు అబ్బుచుండును గాబోలు. ఆ ఒక్క వాక్యముతో గేటు తెఱవబడెను.

సాయంకాలమునకు మా యెనిమిదవ తరగతి పిల్లవాడొకడు తల్లితో వచ్చెను. వాని నాయనమ్మ రాలేదు. ఆమె కుక్కను విడిచి రానన్నదట. రెండు పడవలు వారి డాబావద్దకు వచ్చినవి. రెండింటివారును కుక్కను ఎక్కించుకొనమనిరి. ఆమెయు రెండుమారులును వెనుదిరిగినది. మూడవ పడవకు కోడలిని, మనుమని బలవంతముగా ఎక్కించి తాను నిలిచిపోయినది. ఆ డాబామీద నీడకు ఒక రేకుల పందిరి తప్ప మఱేమియు లేదు. ఆమెకు డెబ్బది యేండ్లు దాటినవి, రక్తపుపోటునకు మందులు వాడుచున్నది. మందులు సంచితో క్రింది గదిలోనే మునిగిపోయినవి.

మఱునాడు కృష్ణలో వలవేయు జాలరి యొకడు తన నాటుపడవతో సహాయమునకు వచ్చియుండగా, మేమును ఆ పిల్లవానిని వెంటబెట్టుకొని బయలుదేరితిమి. వీథులలో నీరు మొలలోతు కొన్నిచోట్ల, మెడలోతు కొన్నిచోట్ల. ఎన్నడును నడచి పోవు వీథిలో దుకాణపు పేరుపలకలు మా మోకాళ్ల యెత్తున కనబడుచుండెను. ముసలమ్మ డాబా అంచున కూర్చుండి యుండెను. ప్రక్కను గోధుమరంగు నాటుకుక్క. మనుమని చూచి ఆమె మొదట అన్నమాట, “నువ్వెందుకొచ్చావురా, మీ అమ్మ దగ్గరుండక?” అని. తరువాత మా వైపు తిరిగి, “మాష్టారూ, నన్ను తిట్టకండి. పదేళ్ళుగా మా గుమ్మంలో పడుకున్నాడు. వీణ్ణి డాబా మీద వదిలేసొచ్చి నేనే నోటితో అన్నం తినాలి?” అనెను.

జాలరి కఠినుడు కాడు, కాని వెఱచెను. “మామ్మా, నీళ్ళు చూసి బెదిరి గెంతిందంటే పడవ తిరగబడుద్ది. పసోణ్ణి కూడా ఎక్కించుకొచ్చాం గదా,” అనెను. అతని మాటలో న్యాయమున్నది. ఇక్కడ ఒక మాట చెప్పవలెను. కుక్కను తిరస్కరించిన పడవవారిని చాలమంది నిర్దయులని నిందించిరి. బెదిరిన జంతువును పడవలో పట్టియుంచుట ఒక విద్య. ఆ విద్య వారికెవ్వరును నేర్పలేదు. ఆ దినము మాకు తోడుగ వచ్చిన పశువైద్యశాల కంపౌండరు నేర్పెను. ముసలమ్మ చీరచెఱగునుండి జానెడు వెడల్పు గుడ్డ చించి, కుక్క మూతిచుట్టు రెండు చుట్లు త్రిప్పి, చెవులవెనుక ముడివేసెను. అది ఊపిరి తీయగలిగినంత వదులుగను, కఱవలేనంత బిగువుగను ఉండవలెను. ఒడ్డు చేరిన వెంటనే విప్పవలెను, ఏలయనగా కుక్క నోరు తెఱచి రొప్పనిదే దాని ఒడలి వేడి చల్లాఱదు. తడి తువాలు కన్నులమీద కప్పెను. దానిని పడవ అడుగున పండబెట్టి, ముసలమ్మను దాని కిరుప్రక్కల మోకాళ్లు వచ్చునట్లు కూర్చుండబెట్టెను. కన్నులకు నీరు కానరాక, యజమానురాలి వాసన మాత్రము తెలియుచుండుటచే ఆ కుక్క గేటు చేరువఱకు కదలలేదు. పిల్లియైనచో దిండుగలీబులోగాని పలుచని గోనెసంచిలోగాని వేసి మూతికట్టి, ఒడిలో పెట్టుకొనవలెనట. చేతులతో పట్టుకొన్న పిల్లి నీటిమీద నిలువదు. పిమ్మట మూడు దినములలో ఆ జాలరియే పదునాలుగు జంతువులను తెచ్చెను. పడవ ఒక్కమారును తిరుగబడలేదు.

ఆ ముసలమ్మ మొండితనము ఆమెకే ప్రత్యేకమైనదని యెంచవలదు. 2018 ఆగస్టులో కేరళమునందు వరదలు వచ్చినప్పుడు త్రిశూరు ప్రాంతమున ఒక స్త్రీ తన 25 కుక్కలను విడిచి పడవ యెక్కనని నిరాకరింపగా, రక్షకులు జంతుసంరక్షణ సంఘమువారిని పిలిపించి అన్నిటిని తరలింపవలసి వచ్చెను. అమెరికా దేశమున 2005 ఆగస్టు 29న కత్రీనా యను తుపానునకు న్యూ ఆర్లియన్స్ పట్టణపు కట్టలు తెగి, ఊరిలో ఐదింట నాలుగువంతులు కావచ్చినంత మునిగెను. అచ్చట బస్సులలోను శిబిరములలోను పెంపుడు జంతువులకు చోటు లేకపోయెను. ఒక చిన్న బాలుని చేతినుండి స్నోబాల్ అను తెల్ల కుక్కపిల్లను పోలీసువారు తీసికొనగా, ఆ పసివాడు వాంతి యగువఱకు ఏడ్చెనని పత్రికలు వ్రాసినవి. ఆ దేశమంతయు ఆ వార్త చదివి కలత చెందెను. కన్నీటికంటె బరువైనది మఱునటి యేటి విచారణ. ఊరు విడువక నిలిచిపోయినవారిని ఫ్రిట్జ్ ఇన్‌స్టిట్యూట్ అను సంస్థవారు ప్రశ్నింపగా, వారిలో నూటికి 44 మంది తమ జంతువులను విడువలేకపోవుటయు ఒక కారణమని చెప్పిరి. కుక్కకు తలుపు మూయుటచే మనుష్యుడు నీటిలో నిలిచిపోవుచున్నాడన్నమాట. 2006 అక్టోబరు 6న అధ్యక్షుడు జార్జి బుష్ ఒక చట్టముపై సంతకము చేసెను. విపత్తులకు కేంద్రధనము కోరు రాష్ట్రములును స్థానిక ప్రభుత్వములును తమ ప్రణాళికలలో పెంపుడు జంతువులకును, అంధులు మొదలగువారికి తోడుగ నుండు జంతువులకును ఏర్పాటు చూపవలెనని దాని సారము.

ఆ తుపానునకు ముందే లూసియానా రాష్ట్రపు జంతుసంరక్షణ సంఘమువారు తమ యాశ్రయములోని 263 జంతువులను లారీలలో హ్యూస్టనునకు తరలించి అన్నిటిని కాపాడిరి. ముందు చేసినపని అట్లు సులభమాయెను. తరువాత చేసినపని వేఱు. గొంజాలెస్ అను ఊరి గుఱ్ఱపు ప్రదర్శనశాలలో వేలకొలది జంతువులను చేర్చిరి. వైద్యులు, స్వచ్ఛందసేవకులు నిద్రలేక శ్రమించిరి. అయినను ఏది ఏ యింటినుండి వచ్చినదో తెలియక అనేకములు తమ యజమానులను మరల చేరనేలేదు. ప్రాణము దక్కియు ఇల్లు దక్కలేదు. జపానులో 2011 మార్చి 11నాటి భూకంపమునకును సముద్రపు ఉప్పెనకును తరువాత ఫుకుషిమా అణువిద్యుత్కేంద్రముచుట్టు 20 కిలోమీటర్లవఱకు జనమును ఖాళీ చేయించినప్పుడును ఇట్టి దుఃఖమే. నాలుగుదినములలో తిరిగి వత్తుమనుకొని అనేకులు కుక్కలను కట్టివేసి వెళ్లిరి. తిరిగి పోనిచ్చినవారు లేరు. 2013లో ఆ దేశపు పర్యావరణ మంత్రిత్వశాఖ, యజమానులు జంతువులతోకూడ తరలిపోవలెనని మార్గదర్శకములు ప్రకటించెను. తోడ్కొనిపోవుట వేఱు, ఒకే గదిలో కాపురముండుట వేఱు అని వారు వివేకముతో వేఱుపఱచిరి. మా సైకిళ్ల పాక న్యాయమునకు జపానులో ఇట్లు బలము కలదని తరువాత తెలిసి ప్రధానోపాధ్యాయులు మిక్కిలి సంతసించిరి.

కట్టివేయుట యన్నమాట వచ్చినది గనుక దివిసీమను తలపక పోలేము. 1977 నవంబరు 19నాటి ఉప్పెననాటికి మేము పుట్టలేదు. ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో మాకు బోధనాపద్ధతులు చెప్పిన గురువొకరు ఆ సీమవారు. ఆ సాయంకాలము సముద్రము తాటిచెట్ల నడుమనుండి నడచి వచ్చినట్లు వచ్చెనని వారు చెప్పుచుండిరి. పదివేలమందికి పైగా మనుష్యులు చనిపోయిరి. పశువులకు లెక్కయే లేదు. వారి తల్లి ఇంటినుండి పరుగెత్తుచు కొడవలితో పసులపాకలోనికి దూరి మూడు గేదెల పలుపులు కోసి, ఆపైని పిల్లలను చేరినదట. మూడింటిలో ఒకటి రెండుదినముల తరువాత మెఱకమీద మేయుచు కనబడెను. ప్రక్కపాకలో కట్టుకొయ్యలకు కట్టియున్నవి కట్టుకొయ్యల యొద్దనే దొరికినవి. “పలుపు కోయుటకు క్షణము చాలు, కాని ఆ క్షణము ముందుగా జ్ఞాపకముండవలె” నని ఆ గురువుగారు పాఠముల మధ్య చెప్పుచుండిరి. అప్పుడది మాకు పాఠమునకు సంబంధములేని మాటగా తోచెడిది.

ఇక మా పాక సంగతి. బుధవారమునాటికి అందులో కుక్కలు తొమ్మిది, పిల్లులు నాలుగు, మేకలు పదునొకండు, కోళ్లగంప యొకటి, పందెపుకోడి, రామచిలుక. గొంజాలెస్‌లో జరిగిన లోపము మాకప్పుడు తెలియదు గాని, ఉపాధ్యాయులము గనుక మొదట తోచినది హాజరుపట్టీయే. ఒక నోటుబుక్కున గీతలు గీసి, వరుససంఖ్య, యజమాని పేరు, పేట, ఫోను, జంతువు రంగు, గుర్తులు, వచ్చిన తేది వ్రాసితిమి. ఆ సంఖ్యనే అట్టముక్కపై వ్రాసి, ప్లాస్టికు కాగితములో చుట్టి మెడకు కట్టితిమి. యజమానిని జంతువుతోకూడ నిలువబెట్టి ఫోనులో ఫొటో తీసితిమి. తొమ్మిది కుక్కలలో నాలుగింటికి టైగరనియే పేరు. పట్టీలో పెద్ద టైగరు, చిన్న టైగరు, కుంటి టైగరు, సింగ్ నగర్ టైగరు అని వ్రాయవలసివచ్చెను. కుక్కలకు పేరు పెట్టుటలో మనవారి ఊహ పులిని దాటిపోదు.

పాకను తడికెలతో మూడుభాగములు చేసితిమి. కుక్కలొకవైపు, మేకలు కోళ్లు మఱియొకవైపు. పిల్లులు పనికిరాని ప్రయోగశాల బీరువాలలో, తలుపులకు బదులు వల. కుక్కకును కుక్కకును నడుమ ఆఱడుగుల యెడము. ఒకదాని తాడు ఒకదాని కందరాదు. భయమువలన మంచికుక్కయు శిబిరములో కఱచును. ఎవరి జంతువునకు వారే మేత వేయవలెను, వారే ఎత్తిపోయవలెననునది రెండవ నియమము. ఇందుచే పని తగ్గుటయేకాక, ఇల్లు పోయి చేతులు ముడుచుకొని కూర్చున్నవారికి ప్రొద్దున లేచుటకొక కారణము దొరికెను. ఆఱవ తరగతిలో నోవహు ఓడ కథ చెప్పినప్పుడెల్ల, ఆ నలువది దినములు పేడ యెవరెత్తిరని ఎవడో యొకడు అడుగక మానడు. ఈసారి పార, తట్ట ఆ ప్రశ్న వేసినవాని చేతికే ఇచ్చితిమి. రంపపు పొట్టు చల్లి, బ్లీచింగు నీటితో రెండుపూటల కడిగించితిమి. వంటశాలకును బావికిని పాక దూరముగా నుండుట మా యదృష్టము. ఎలుకలయు, కుక్కలయు, పశువులయు మూత్రము కలిసిన వరదనీటిలో పుండ్లున్న కాళ్లతో నడచువారికి ఎలుకజ్వరము సోకునని వైద్యులు చెప్పిరి గనుక, పాకలో పనిచేయువారు చెప్పులు లేక పోరాదని కట్టడి చేసితిమి.

మేత విషయమున తెలిసికొన్నది చాల కలదు. దాతలు పంపిన పులిహోర పొట్లములు గుట్టలుగా మిగులుచుండగా, పిల్లలు వానిని మేకలకు పెట్టబోయిరి. పశువైద్యుడు గట్టిగా వారించెను. ఆకు మేయు మేకకు ఒక్కసారిగా వరియన్నము పెట్టినచో కడుపులో పులిసి, ఉబ్బి, ప్రాణము తీయునట. అవిసెయు సుబాబులు రెమ్మలును విఱిచి తెప్పించితిమి. మూడుదినములు పస్తున్న కుక్కకు ఒకేసారి కడుపునిండ పెట్టరాదు. కొంచెము కొంచెముగ నాలుగైదుమారులు పెట్టవలెను. ఉల్లిపాయ కుక్కలకు హాని. మంచినీరు మాత్రము ఎల్లప్పుడు ముందుండవలెను. చుట్టు నీరేయైనను త్రాగునీరు లేక వాడిన జంతువులనే మేము ఎక్కువగ చూచితిమి. రామచిలుక సంగతి కొంత ఇబ్బందియైనది. మన అడవిచిలుకలను పంజరములలో పెంచుట 1972నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టముచే నిషిద్ధమని వైద్యుడు ఆ కుట్టుపనివానితో మెల్లగా చెప్పెను. అతడు వినెను, తల యూపెను. మేము పంజరములో నీళ్లు పోసి ఊరకుంటిమి.

అందఱును ఈ యేర్పాటును మెచ్చుకొనిరని వ్రాసినచో అది అబద్ధమగును. పసిబిడ్డలున్న తల్లులు వెఱచిరి. రాత్రి మొఱుగుళ్లకు నిద్రలేదని వృద్ధులు కోపించిరి. “మనుషులకే దుప్పట్లు చాలకపోతే కుక్కలకు సేవలా?” యని ఒకాయన బిగ్గరగా అడిగెను. ఆ ప్రశ్న న్యాయమైనది; దానికి మాటతో జవాబు చెప్పుట కష్టము. దుప్పటి యొక్కటియు పాకకు పోలేదని, పాతగోనెలే వాడితిమని నోటుబుక్కు చూపితిమి. గురువారము సింగ్ నగర్ టైగరు మేత పెట్టుచున్న ఒక యువకుని చేయి కఱచెను. శిబిరమంతయు గొల్లుమనెను. కొందఱు పసుపు తెమ్మనిరి, కొందఱు కారము తెమ్మనిరి. మా సైన్సు ఉపాధ్యాయిని ఆ యువకుని కుళాయివద్దకు లాగికొనిపోయి, గడియారము ముందుంచుకొని, సబ్బుతో పదునైదు నిమిషములు ధారగా కడిగించెను. వెంటనే ప్రభుత్వ వైద్యశాలకు పంపితిమి. ఆ దినమే మొదటి సూది వేసిరి. మిగిలినవానిని చెప్పిన తేదీలకు తప్పక వేయించితిమి. వెఱ్ఱికుక్క వ్యాధి లక్షణములు బయటపడిన పిమ్మట దానికి మందు లేనట్లే. ముందుగ సబ్బు, నీరు, టీకాలే రక్ష. శుక్రవారము పశుసంవర్ధకశాఖవారు వచ్చి కుక్కలకు పిల్లులకు అన్నిటికిని టీకాలు వేసిరి. అటుపిమ్మట తల్లుల భయము కొంత తగ్గెను. పూర్తిగా తగ్గలేదు, తగ్గవలెనని మేము కోరనులేదు.

ఆ వారమున మమ్ము ఎక్కువగా బాధించిన సంగతి పాకలో జరుగలేదు. ఏడవ తరగతి బాలుడొకడు వచ్చిననాటినుండి అన్నము సరిగా తినకుండెను. గదిమూల గోడవైపు తిరిగి పండుకొనుచుండెను. ఆదివారము తెల్లవాఱుజామున నీరు గడప దాటినప్పుడు వాని తండ్రి, సాయంకాలమునకు తిరిగి వత్తుమనుకొని, వెంటబడి నీటిలో దిగకుండుటకై కుక్కను మెట్లక్రింద ఇనుపగొలుసుతో కట్టి వచ్చెనట. మేలుకోరియే కట్టెను. నీరు ఛాతివఱకు వచ్చునని ఎవ్వరికి తెలియును? మంగళవారము, బుధవారము ఆ వీథికి పడవ పోలేదు. గురువారము తండ్రి పోయి వచ్చి, భార్యతో నెమ్మదిగా రెండుమాటలు చెప్పి, బయటికి పోయి కూర్చుండెను. బాలుడు మా యొద్దకు వచ్చి, “మాష్టారూ, గొలుసు విప్పేసి వచ్చుంటే ఈదేదేనా?” యని అడిగెను. వాని తండ్రి పదియడుగుల దూరములో వినుచుండెను. ఆ వీథిలో ప్రవాహము చాల బలముగా నుండెనని మాత్రము మేము చెప్పితిమి. అది నిజమే. కుక్కలు ఈదగలవనుటయు నిజమే. బాలుడు తండ్రివైపు చూచెను, మఱియేమియు అడుగలేదు. ఆ సాయంకాలము వాడు ముసలమ్మ కుక్కకు నీళ్లు పోయుచుండగా చూచితిమి.

నీరు తీసిన పిమ్మట ఒక్కొక్కరే ఇండ్లకు పోయిరి. బురదలో పాములుండును గనుక మొదట పెద్దలు పోయి కడిగి, తరువాతనే జంతువులను తోలుకొనిపోవలెనని చెప్పితిమి. పట్టీలో సంతకము చేసి, ఫొటోతో పోల్చి, అప్పగించితిమి. ఇరువదియేడవ సంఖ్యగల పిల్లిని మాత్రము ఎవరును అడుగ రాలేదు. అది డాబాలమీద దొరికినది. ఇప్పుడది మన గ్రంథాలయములోనే కాపురమున్నది, ఎలుకలు పుస్తకములు కొఱుకుట మానినవి. ముసలమ్మ పోవుచు, కుక్కమెడనున్న అట్టముక్కను తనకిమ్మని అడిగి కొంగున ముడివేసికొనెను.

ఆ నోటుబుక్కు ఇప్పుడు కార్యాలయపు బీరువాలో నున్నది. దానితోకూడ రెండు డజనుల పత్తితాళ్లు, గోనెసంచులు, దిండుగలీబులు, సత్తుపళ్లెములు, బ్లీచింగుపొడి డబ్బా ఉంచితిమి. తాళపుచెవి మన బంట్రోతు ఇంటను, ప్రధానోపాధ్యాయుల యింటను చెఱియొకటి. పాకలో ఆఱడుగుల కొకటిగా కొక్కెములు వేయించితిమి. వానకాలమునకు ముందు ఇంటి కుక్కకు పిల్లికి టీకాలు వేయించి, ఆ చీటీని రేషనుకార్డుతోపాటు ఒకే సంచిలో ఉంచుడని జూన్ నెలలో ప్రతి తరగతికిని చెప్పుచున్నాము. మన స్కౌటు దళమువారు శనివారములలో ముడులు నేర్చుకొనుచున్నారు. అందులో జాఱుముడి యొకటి కలదు: జంతువు ఎంత లాగినను విడదు, మనుష్యుడు కొసపట్టి ఒక్కమారు లాగినంతనే విడిపోవును. గొలుసు కథ చెప్పిన బాలుడు ఆ యేడే దళములో చేరెను. కన్నులకు గంతలు కట్టుకొని కొక్కెమునకు ఆ ముడి వేయును, విప్పును; దళములో వానికంటె త్వరగా విప్పువారు ఇప్పటికి లేరు.